దూది గొంతు

మా అమ్మాయిని మా ఆయన ‘దూది’ అని పిలిచేవారు, కిందపడినా చప్పుడు చెయ్యదని. పసితనంలో ఒకసారి బల్ల మీంచి జారిపడింది. ఏడవబోయి ఆగి, ముందు లోపలి గది తలుపు వైపు చూసింది. నాన్న లేవలేదని నిశ్చయం చేసుకున్నాకే నా దగ్గరికొచ్చి, నా భుజంలో మొహం దాచుకుని ఏడ్చింది. అప్పటికింకా మాటలు కూడా సరిగ్గా రాలేదు దానికి.

ఆయన వార్తాపత్రిక అచ్చేసే ప్రెస్సులో మిషన్ మీద పనిచేసేవారు. ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. జనం పళ్ళు తోముకునే వేళకి ఇంటికొచ్చేవారు, జనం పనుల్లో పడ్డాక నిద్రపోయేవారు. మాది రెండు గదుల ఇల్లు. లోపలి గది ఆయన నిద్రకి, బయటి గది మా మిగతా బతుకంతటికీ.

నిశ్శబ్దంగా ఉండడమంటే నోరు మూసుకుని కూర్చోవడం అనుకునేరు. అదొక చాకిరీ. గిన్నెలు బోర్లించే చోట పాత తువ్వాలు పరవాలి. కుళాయికి గుడ్డ కట్టి కొస బకెట్టులోకి వదలాలి, అప్పుడు నీళ్ళు గుడ్డ వెంట జారతాయి. తలుపు బందులకి నూనె పెడుతూ ఉండాలి. కుక్కరు ఆయన లేచాకే. దూది అక్షరాలు కూడా గుసగుసల్లోనే నేర్చుకుంది. బడిలో టీచరు నన్ను పిలిపించి, “అమ్మాయికి గొంతు నొప్పి ఎన్నాళ్ళనుంచీ?” అని అడిగింది. ఇంట్లో మేం తిట్టుకున్నా గుసగుసగానే తిట్టుకునేవాళ్ళం. అలా తిడితే కోపం సగంలోనే చల్లారిపోతుంది, కావాలంటే మీరూ చేసి చూడండి.

మా ఇద్దరికీ ఒక అలవాటుండేది. నోరు విప్పే ముందు కళ్ళు వాటంతటవే లోపలి గది తలుపు వైపు వెళ్ళేవి. తలుపు మూసుందో లేదో చూసి, అప్పుడు మాట. మాకా సంగతి తెలియనే తెలియదు. రెప్ప వేసుకోవడం ఎవరికి తెలుస్తుంది?

పోయిన ఏడాది ఆయన నిద్రలోనే పోయారు. పొద్దున వచ్చి పడుకున్నారు. మేం ఎప్పట్లాగే మునివేళ్ళ మీద తిరుగుతూ పనులు చేసుకున్నాం. సాయంత్రం డ్యూటీ వేళయిందని నేను వెళ్ళి పాదం తట్టాను. దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఆ తర్వాత కూడా మా ఇల్లు అలాగే ఉంది. లోపలి గది తలుపు వేసే ఉండేది. పగటి వెలుగు రాకుండా కిటికీకి కట్టిన నల్లగుడ్డ తియ్యలేదు. కుళాయి గుడ్డ చివికిపోతే కొత్తది కట్టాను. ఎందుకని దూది అడగలేదు.

అది యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్ చదువుతోంది. మొదటి ఏడాదినుంచీ యూనివర్సిటీ గేటు ఎదురుగా జిరాక్సు షాపులో సాయంత్రాలు పనిచేస్తోంది. మొదట్లో అది దాని బస్సు ఖర్చులకి, పెన్సిళ్ళకి. ఆయన పోయాక ప్రెస్సువాళ్ళిచ్చే పింఛను ఇంటద్దెకి సరిపోతే, మేం తినేది దాని షాపు జీతంతోనే. తోటి పిల్లల ప్రాజెక్టులు బైండు చేసి ఇస్తూ, తన లెక్కలు మాత్రం పాడైన కాగితాల వెనక వేసుకునేది. షాపు ఓనరుకి అదంటే ఇష్టం. “నీ అంత నెమ్మదైన పిల్లని నేను చూడలేదు, మిషనే నీకంటే ఎక్కువ మాట్లాడుతుంది” అనేవాడట.

మూడో ఏడాదిలో పిల్లలందరూ ఒక టర్ము ఎక్కడో ఒక చోట ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. పొద్దున్నుంచీ పనిలో ఉండాలి, వాళ్ళు సర్టిఫికెట్ ఇవ్వాలి. అది లేకపోతే ఆఖరి ఏడాదిలోకి పంపరు. దూది ఎన్ని చోట్లకి రాసిందో దానికే గుర్తులేదు. చాలామంది జవాబే ఇవ్వలేదు. ఇచ్చినవాళ్ళందరిదీ ఒకటే పాట, జీతం ఉండదు, మంచి అనుభవం వస్తుంది అని.

“ఈ అనుభవాన్ని కిరాణా కొట్టులో తీసుకుంటారేమో అడిగి చూడమ్మా,” అంది దూది గుసగుసగా. నవ్వించడానికే అంది. ఇద్దరం నవ్వాం, చప్పుడు లేకుండా.

చివరికి పేరున్న డిజైన్ ఆఫీసు ఒకటి తీసుకుంటానంది. ఏసీ గది, పెద్ద కంప్యూటర్లు. కానీ పైసా ఇవ్వరు, చీకటిపడేదాకా వదలరు. అంటే షాపు మానెయ్యాలి. యూనివర్సిటీలో ఈ వ్యవహారాలు చూసే సారు, “ఒక్క టర్మేగా, ఎలాగో సర్దుకో” అన్నాడట.

“సర్దుకోవాలన్నా ఏదో ఒకటి ఉండాలి కద సార్” అంది ఇది.

“ఏమన్నావ్?”

“ఏం లేదు సార్.”

ఆ రోజు ఇంటికొచ్చి పుస్తకాలు కింద పెట్టి చెప్పింది. “జీతమిచ్చేది దొరక్కపోతే ఈ ఏడాది ఆగిపోతానమ్మా. షాపులో రోజంతా చేస్తాను. వచ్చే ఏడాది మళ్ళీ చేరతాను.”

నన్నూ ఐదో తరగతిలో ‘ఈ ఒక్క ఏడాదే’ అని ఆపారు. ఆ ఏడాది ఇంకా అవలేదు. ఆ మాట దానికి చెప్పలేదు గానీ, అది నా మొహంలో చదువుకునే ఉంటుంది.

అంతలో షాపులోనే ఒక దారి దొరికింది. దగ్గర్లో హాస్టలు భవనం కడుతున్న సైటునుంచి సూపర్‌వైజరు డ్రాయింగులు కాపీ తియ్యడానికి వస్తుంటాడు. ఆ పెద్ద షీట్లు నలగకుండా ఇది చుట్టి ఇచ్చే తీరు చూసి, “నువ్వు ఈ చదువేనా?” అని అడిగాడట. ఇది ధైర్యం చేసి, స్టూడెంట్లని తీసుకుంటారా, ఏమైనా ఇస్తారా అని అడిగింది. తీసుకుంటారు, నెలనెలా ఇస్తారు, ఒక్కళ్ళకే ఖాళీ ఉంది, వచ్చి మా సారుని కలువు అన్నాడు. సైటు పని సాయంత్రం తొందరగానే ఆపేస్తారు గనక షాపూ మానక్కర్లేదు. ఆ రోజు దూది మెట్లు రెండేసి ఎక్కి వచ్చింది. చప్పుడు లేకుండానే అనుకోండి.

ఇంటర్వ్యూ నుంచి తిరిగొచ్చినప్పుడు మాత్రం మెల్లగా వచ్చింది. అక్కడ జరిగింది అది చెప్పినట్టే రాస్తాను.

సైటులో రేకుల షెడ్డే ఆఫీసు. ఒక బల్ల, గోడకి వరసగా హెల్మెట్లు. ఇంజనీరు పెద్దాయన, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు. డ్రాయింగు ముందు పెట్టి ఇది చదవమన్నాడు, అది చెప్పమన్నాడు. దూది చెబుతూనే ఉంది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “ఏంటి? ఏంటమ్మా?” అంటూనే ఉన్నాడు. చివరికి కుర్చీ తెచ్చి దీని పక్కన వేసుకున్నాడు.

“ప్రతి మాటకీ ముందు అటు పక్కకి చూస్తావేం? ఎవరైనా నిలబడి అందిస్తున్నారా?” అని అడిగాడు.

దూది నివ్వెరపోయింది. ఆ పక్కన రేకు గోడ తప్ప ఏం లేదు. అది చూస్తున్న సంగతి దానికే తెలియదు.

ఆయన డ్రాయింగు మడిచి, “నీకు పని వచ్చు. దాంట్లో అనుమానం లేదు,” అన్నాడట. “కానీ ఇది సైటు. పైనుంచి బరువు దిగుతూ ఉంటుంది. కింద ఎవడో ఫోను చూసుకుంటూ నిలబడతాడు. నువ్వు జరగమనాలి. వాడికి వినపడకపోతే వాడి ఇంటికి నేను కబురు చెయ్యాలి. ఆ కబురు నేను ఒకసారి చేశాను, మళ్ళీ చెయ్యను.”

దూది తలొంచుకుంది.

“శనివారం రా. ఇంకొకబ్బాయి కూడా వస్తున్నాడు. ఇద్దరినీ రెండో అంతస్తులో నిలబెడతాను. పక్కన కాంక్రీటు మిక్సరు తిరుగుతుంటుంది. నేను కిందుంటాను. నాకు వినపడాలి. అంతే.”

ఇదీ పరీక్ష. ఇన్నేళ్ళ చదువూ తేలాల్సింది ఒక్క అరుపులో.

మర్నాడు పొద్దున్న గది మధ్యలో నిలబడి, “పక్కకి జరగండి, బరువు దిగుతోంది” అంది. నూతిలోంచి వచ్చినట్టుంది. ఇంకాస్త పెంచింది. నా చెయ్యి నాకు తెలియకుండానే లేచి, వేలు పెదవుల మీదకొచ్చింది. అది చూసి ఆగిపోయింది. నేనూ నా చేతిని చూసుకున్నాను.

పక్కింటి కండక్టరక్కని పిలిచాను. బస్సులో టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. ఆవిడ మాట్లాడితే వీధి చివరి కుక్క తననే పిలిచారనుకుని తోకాడిస్తూ వస్తుంది. మేం ఈ ఇంట్లో దిగిన కొత్తలో, “ఏమే, ఇంట్లో మనుషులున్నారా, సామాను పెట్టి తాళం వేశారా?” అని అడిగిన మనిషి.

ఆవిడ దూదిని డాబా మీదకి తీసుకెళ్ళింది. “గొంతుతో అరిస్తే గొంతు పోతుందే. పొట్టలోంచి తియ్యి. నిండు బస్సులో వెనక ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడికి వినపడాలి. వాడు మనకి డబ్బులివ్వకుండా దిగిపోతున్నాడనుకో. అను!”

“జరగండి…”

“బతిమాలుతున్నావా, చెబుతున్నావా?”

“పక్కకి జరగండి.”

“నీ పెళ్ళిచూపుల్లో ఇలా మాట్లాడు, పెళ్ళికొడుకు వాళ్ళమ్మ మెచ్చుకుంటుంది. ఇప్పుడు కేక వెయ్యి.”

దూదికి నవ్వొచ్చింది, అరుపు రాలేదు. కాసేపటికి కండక్టరక్క మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. ఆవిడకి తెలిసినంతలో అది గుసగుసే.

“ఏమే, పిల్ల గొంతుకేం రోగం లేదు. అరవబోయే ముందు ప్రతిసారీ మెట్లవైపు చూస్తోంది. కింద మీ ఇంటివైపు. ఎవరు లేస్తారని దానికి భయం?”

నేను కిందికి దిగబోయాను.

“ఆ గది తలుపు తియ్యవే.”

“నీకెందుకక్కా మా ఇంటి గోల?” అని చరచరా దిగొచ్చేశాను. నా జన్మలో ఆవిడతో అంత మాట అనలేదు. అదీ మెల్లగానే అన్నాను కాబట్టి, ఆవిడకి వినపడిందో లేదో.

శుక్రవారం దూది యూనివర్సిటీకీ షాపుకీ సెలవు పెట్టి పొద్దున్నే సాధన మొదలెట్టింది. మళ్ళీ అదే గొంతు. అన్నం గిన్నె ముందు కూర్చుని, తినకుండా, “నేను షాపు ఓనరుతో మాట్లాడతానమ్మా, రోజంతా చేస్తానని” అంది. అప్పుడు నేను లేచాను.

“నువ్వు పొయ్యి దగ్గర నిలబడు. నేను లోపలికెళ్ళి తలుపేసుకుంటాను. నాకు వినపడేలా చెప్పు,” అన్నాను.

“లోపలికా?” అంది.

“లోపలికే.”

తలుపు నూనె పెట్టిందే కాబట్టి మెత్తగా తెరుచుకుంది. నల్లగుడ్డ వల్ల పట్టపగలే చీకటి. ప్రెస్సు సిరా వాసన ఇంకా ఉందో, నేనే ఊహించుకున్నానో. తలుపేసి, నిలబడలేక, ఆయన మంచం మీద ఆయన పడుకునే వైపే పడుకున్నాను. అవతల దూది ఎప్పట్లాగే గుసగుసగా, “అమ్మా, మొదలుపెట్టనా?” అంది.

నా చెవిలో అన్నట్టే వినపడింది.

ఉలిక్కిపడి లేచి కూర్చున్నాను. చూస్తే, రెండు గదుల మధ్య గోడ పైకప్పుదాకా లేదు. పైన గాలికోసం వదిలిన సందు ఉంది. రోజూ కళ్ళముందుండేదే, ఎప్పుడూ ఆలోచించలేదు. గుడ్డ వెంట జారే నీళ్ళు వినపడుతున్నాయి. దూది కాలు మార్చుకోవడం వినపడింది. దాని ఊపిరి వినపడింది.

అంటే ఆయన అన్నీ విన్నారు. ఇన్నేళ్ళూ.

దూదికి డ్రాయింగు బోర్డు కావాలని మేమిద్దరం గుసగుసలాడుకున్న వారంలోనే ఆయన సంకలో బోర్డుతో వచ్చారు. ఎలా తెలిసిందంటే, కలలో వచ్చింది అన్నారు. నా మోకాలి నొప్పి నేను ఎవరికీ చెప్పకముందే ఆయనకి తెలుసు. మా అత్తగారి గురించి నేను నా చెల్లెలితో ఫోనులో అన్నవి కూడా విన్నారన్నమాట! పాపం, ఒక్కనాడూ బయటపడలేదు. మేం అంత శ్రమపడి మౌనంగా ఉంటున్నామని, ఆయన కూడా శ్రమపడి నిద్రపోతున్నట్టు పడుకున్నారేమో. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చేత్తో నోరు మూసుకున్నాను.

“పక్కకి జరగండి, బరువు దిగుతోంది. వినపడిందా అమ్మా?”

“వినపడలేదు,” అన్నాను.

మళ్ళీ చెప్పింది, కాస్త గట్టిగా.

“వినపడలేదు.”

మళ్ళీ. మళ్ళీ. ప్రతిసారీ గొంతు కాస్త పైకి లేస్తోంది, చివర్లో జారిపోతోంది. నేను అదే మాట అంటున్నాను. కాసేపటికి అది నిజంగానే అరవడం మొదలుపెట్టింది. గోడలకి ఎప్పుడూ అలవాటు లేని గొంతు. పక్కింట్లోంచి కండక్టరక్క, “వినపడిందే! ఇక్కడికి వినపడింది!” అని కేక వేసింది.

“నాకు వినపడలేదు,” అన్నాను.

తలుపు ధడాలున తెరుచుకుని గోడకి కొట్టుకుంది. దూది గుమ్మంలో నిలబడింది. మొహం ఎర్రగా ఉంది, కళ్ళలో నీళ్ళు.

“ఇంకెంత అరవాలమ్మా! ఈ అరుపుకి చచ్చిపోయినవాళ్ళు కూడా లేస్తారు!”

అనేసి, తనన్న మాట తనకే తగిలి, మంచం వైపు చూసి కొయ్యబారిపోయింది.

“లేవరు,” అన్నాను. “లేవరు దూదీ. ఇక్కడ పడుకునేవాళ్ళు ఎవరూ లేరు. నువ్వు భయపడక్కర్లేదు.”

ఆ మాట నేను అప్పటిదాకా పైకి అనలేదు, ఎవరితోనూ. అది వచ్చి నా పక్కన కూలబడింది. ఇద్దరం గట్టిగా ఏడ్చాం. ఆయన పోయిన రోజు కూడా మేం అంత చప్పుడు చెయ్యలేదు. తర్వాత నేనే లేచి కిటికీ నల్లగుడ్డ లాగేశాను. మేకుల దగ్గర చిరిగి దుమ్ముతో సహా నెత్తిన పడింది. దూది కళ్ళు తుడుచుకుని, తుమ్మి, పొయ్యి దగ్గరికి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి నేను తలుపు తీసే ఉంచి, వినపడినప్పుడు వినపడిందనే చెప్పాను.

శనివారం పొద్దునకి దాని గొంతు పూర్తిగా పట్టేసింది! ముందురోజంతా అరిచి అరిచి, నీళ్ళడగడానికి కూడా గరగరమంటోంది. కండక్టరక్క వేడినీళ్ళలో ఉప్పు వేసి పుక్కిలించమంది. “నేను ఇరవై స్టేజీలు ఇలాంటి గొంతుతోనే నడిపానే, పో!” అని తోసింది. ఆవిడ మొహం చూడ్డానికి నాకు సిగ్గేసింది. ఆవిడేమో నా నెత్తిన మిగిలిన దుమ్ము దులిపింది.

నేనూ సైటుదాకా వెళ్ళాను. లోపలికి రానివ్వరు కాబట్టి గేటు దగ్గర నిలబడ్డాను. ముందు ఆ అబ్బాయి ఎక్కాడు. మంచి గొంతు, వీధిదాకా వినపడింది. ఇంక అయిపోయిందనుకున్నాను. మిక్సరు రాళ్ళు నములుతున్నట్టు తిరుగుతోంది. తర్వాత పసుపు హెల్మెట్ పెట్టుకున్న దూది రెండో అంతస్తు అంచు కడ్డీ దగ్గర కనపడింది. అంత ఎత్తులో ఎంత చిన్నగా ఉందో. అది పక్కకి చూస్తుందేమోనని నేను దాని తల వంకే చూస్తున్నాను. చూడలేదు. కింద ఇంజనీరుని సూటిగా చూసింది.

“పక్కకి జరగండి! బరువు దిగుతోంది!”

బొంగురుగా, చీలిపోయి, రంపం కోసినట్టు వచ్చింది ఆ గొంతు. తియ్యగా ఉందని ఎవరూ అనరు. కానీ ఇసుక ఎత్తుతున్న ఇద్దరు పారలు వదిలేసి గోడ వారకి దూకారు. ఫోను చూసుకుంటున్న ఒకతను తలెత్తకుండానే నాలుగడుగులు వెనక్కి వేశాడు. గేటు బయట ఉన్న నేను కూడా జరిగాను. పైనుంచి ఏదీ దిగడం లేదని మా అందరికీ తర్వాత గుర్తొచ్చింది.

ఇంజనీరు జరిగినవాళ్ళని వరసగా చూశాడు. ఇందాక ఆ అబ్బాయి అరిచినప్పుడు వాళ్ళంతా తలలెత్తి చూశారు గానీ ఎవరూ కదలలేదు. చెయ్యి ఊపి దూదిని దిగమన్నాడు. అది కిందకొచ్చాక ఆయన అన్నది నాకు వినపడలేదు, చెయ్యి ఊపడం మాత్రమే కనపడింది. సోమవారం నుంచి రమ్మన్నాడని దూది తర్వాత చెప్పింది.

దూది అన్నది మాత్రం గేటు దగ్గరికే కాదు, వీధికి అవతలదాకా వినపడింది.

“జీతం ఏ తారీఖున ఇస్తారు సార్?”

పారలవాళ్ళు పగలబడి నవ్వారు. ఇంజనీరు చెవి మూసుకుని, “అంత గట్టిగా అడగక్కర్లేదు తల్లీ,” అన్నాడు, ఆయనా అరుస్తూనే.

“అడగాలి సార్,” అంది మా అమ్మాయి. “నెలాఖరు అంటే కుదరదు, మాకు ఒకటో తారీఖుకే కావాలి.”

ఆయన ఒకటో తారీఖుకే ఒప్పుకున్నాడు.